చదివింది క్లాసులోకి రావాలంటే టీచర్ ఏం చదవాలి, ఎలా చదవాలి

మీరు అడిగింది నాకు అర్థమైనంతవరకు ఇదీ: కొన్నేళ్లుగా పాఠాలు చెప్తున్నారు, బోధన మీద పేరున్న పుస్తకాలు నాలుగైదు చదివారు, చదివినప్పుడు బోలెడు ఉత్సాహం వస్తోంది, వారం తిరిగేసరికి క్లాసు మళ్లీ మామూలే, పిల్లలు చెప్పింది మర్చిపోతున్నారు, పైగా ఇంగ్లిష్‌లో చదవడం భారంగా ఉంటోంది. మరి ఈ చదవడం వల్ల నిజంగా ఉపయోగం ఉందా, ఉంటే ఏవి చదవాలి, దానికి టైమ్ ఎక్కడిది. నేను చాలాకాలం పాఠాలు చెప్పి, ఆ తర్వాత కొత్త టీచర్ల క్లాసుల్లో వెనక బెంచీలో కూర్చుని గమనించి వాళ్లతో మాట్లాడే పని చేస్తున్నా, అక్కడ చూసిందాన్ని బట్టే చెప్తున్నా, ఉపయోగం కచ్చితంగా ఉంది. కాకపోతే చాలామంది ముందు పుస్తకం పట్టుకుని ఇందులో నాకు పనికొచ్చేది ఏముందా అని వెతుకుతారు, అలా చదివితే అన్నీ బాగున్నట్టే ఉంటాయి, ఏదీ క్లాసుదాకా రాదు. ముందు మీ క్లాసులోంచి ఒక ప్రశ్న పట్టుకోండి, ఆ ప్రశ్నకోసం చదవండి.

ఆ ప్రశ్న కూడా సన్నగా ఉండాలి. "పిల్లలకి ఇంట్రెస్ట్ లేదు" అనేది ప్రశ్న కాదు, దానికి ఏ పుస్తకంలోనూ జవాబు దొరకదు. "సోమవారం బాగా చెప్పిన పిల్లలే శుక్రవారం అదే లెక్క ఎందుకు చేయలేకపోతున్నారు", "ప్రశ్న వేస్తే ఎప్పుడూ ఆ నలుగురే ఎందుకు చెయ్యెత్తుతున్నారు", "నేను నోట్‌బుక్కులో ఎర్ర పెన్నుతో అంత రాసినా అదే తప్పు మళ్లీ ఎందుకు వస్తోంది" ఇలాంటివి ప్రశ్నలు. వీటిల్లో ప్రతిదానిమీదా దశాబ్దాల రీసెర్చ్ ఉంది, చాలావరకు ఫ్రీగా దొరుకుతుంది, చదవడానికి వారాలు కూడా పట్టదు.

మొదటి ప్రశ్ననే తీసుకుందాం, ఎందుకంటే దాదాపు ప్రతి టీచరూ ఏదో ఒకరోజు అడిగేది ఇదే. రోడిగర్, కార్పికీ అని ఇద్దరు సైకాలజిస్టులు 2006లో ఒక రీసెర్చ్ పేపర్ వేశారు. కాలేజీ విద్యార్థులకి చిన్న పాఠాలు ఇచ్చారు. ఒక గ్రూపు అదే పాఠాన్ని మళ్లీ మళ్లీ నాలుగు విడతలు చదివింది, ఇంకో గ్రూపు ఒక్క విడత చదివి, తర్వాత మూడుసార్లు పాఠం చూడకుండా గుర్తున్నంతా రాసింది. ఐదు నిమిషాల తర్వాత టెస్ట్ పెడితే చదివిన గ్రూపే ముందుంది, 83 శాతం, రెండో గ్రూపు 71. వారం తర్వాత పెడితే మాత్రం తలకిందులైంది, మళ్లీ మళ్లీ చదివినవాళ్లకి 40 శాతం గుర్తుంటే గుర్తుతెచ్చుకుని రాసినవాళ్లకి 61 శాతం గుర్తుంది. ఇప్పుడు మన క్లాసుల్లో జరిగేది ఆలోచించండి, పాఠం చెప్పి వెంటనే "అర్థమైందా?" అంటాం, వెంటనే రెండు ప్రశ్నలు అడుగుతాం, వాళ్లు చెప్పేస్తారు, మనం ముందుకెళ్లిపోతాం. అంటే ఆ ఐదు నిమిషాల టెస్ట్ చూసే మనం నమ్మకం పెట్టుకుంటున్నాం. ఇది చదివిన టీచరు ఆ "అర్థమైందా"ని ఇక పాతలా నమ్మలేరు.

దాని తర్వాత డన్లోస్కీ అనే సైకాలజిస్టు బృందం 2013లో వేసిన సమీక్ష చూడండి, పది రకాల చదువు పద్ధతుల్ని పరిశీలించి ఏవి పనిచేస్తాయో వర్గాలుగా పెట్టారు. తమని తాము పరీక్షించుకోవడం, ఒకేరోజు కాకుండా రోజులు విడదీసి ప్రాక్టీస్ చేయడం ఈ రెండూ పైన నిలిచాయి. అండర్‌లైన్ చేయడం, మళ్లీ మళ్లీ చదవడం కిందకి పోయాయి. అసలు పేపర్ పెద్దది, మీకు కావలసిన రెండు భాగాలు మాత్రం చదవండి చాలు.

ఇక క్లాసులో దీన్ని ఎలా పెట్టాలంటే, పీరియడ్ మొదటి ఐదు నిమిషాలు నోట్‌బుక్కులు మూయించి నాలుగు ప్రశ్నలు బోర్డు మీద రాయండి. రెండు నిన్నటి పాఠంలోవి, ఒకటి పోయిన వారానిది, ఒకటి పోయిన నెలది. అందరూ రాయాలి, చెయ్యెత్తినవాళ్లు చెప్పడం కాదు. తర్వాత జవాబులు చెప్పండి, వాళ్లే దిద్దుకుంటారు. మార్కులు రిజిస్టర్లోకి ఎక్కించకండి, ఇది గట్టిగా చెప్తున్నా, ఎందుకంటే నేను చూసిన క్లాసుల్లో ఇది చెడేది ఎక్కువగా అక్కడే, మార్కు వచ్చిన మరుక్షణం పిల్లలు పక్కవాడి పేపర్లోకి చూడటం మొదలుపెడతారు, ఎవరికి ఏం గుర్తులేదో మీకు తెలియకుండా పోతుంది. పోయిన నెల ప్రశ్నకి సగం మంది తెల్లమొహం వేస్తే కంగారు పడొద్దు, మర్చిపోబోతున్నదాన్ని కష్టపడి గుర్తుతెచ్చుకోవడంలోనే పని జరుగుతోంది.

"ప్రశ్న లేదు, ముందు ఏదో ఒకటి మొదలుపెట్టాలి" అనుకుంటే నేను ఎప్పుడూ ఇచ్చే మొదటి చదువు బరాక్ రోజెన్‌షైన్ అనే విద్యా పరిశోధకుడు రాసిన బోధనా సూత్రాల వ్యాసం. 2010లో ఇంటర్నేషనల్ అకాడమీ ఆఫ్ ఎడ్యుకేషన్ చిన్న బుక్‌లెట్‌గా వేసింది, 2012లో అమెరికన్ ఎడ్యుకేటర్ పత్రికలో ఇంకాస్త విడమర్చి వచ్చింది, రెండూ నెట్‌లో పీడీఎఫ్‌గా ఉన్నాయి. ఒక సాయంత్రంలో అయిపోతుంది. పాత పాఠం గుర్తుచేయడం, కొత్తది చిన్న చిన్న మెట్లుగా ఇవ్వడం, చేసి చూపించడం, ఎక్కువ ప్రశ్నలు అడగడం, ఇలా పది విషయాలు. పైపైన చదివితే "ఇవన్నీ నాకు తెలిసినవే కదా" అనిపిస్తుంది. అందుకే లోపలి వివరాల దగ్గర ఆగి చదవమంటాను. ఉదాహరణకి, 40 నిమిషాల లెక్కల పీరియడ్‌లో మంచి ఫలితాలు తెచ్చిన టీచర్లు 23 నిమిషాలదాకా వివరించడం, చేసి చూపించడం, ప్రశ్నలడగడంలో గడిపారట, బలహీనమైన ఫలితాలు వచ్చినవాళ్లు 11 నిమిషాల్లో పాఠం ముగించి పిల్లలకి లెక్కలు ఇచ్చేశారు. మిగతా టైమంతా పిల్లలు తప్పు చేస్తూ కూర్చుంటారు, టీచరు ఒక్కో బెంచీ దగ్గరికెళ్లి అదే సంగతి మళ్లీ మళ్లీ చెప్తూ తిరుగుతారు. ఈ దృశ్యం మీకు కొత్త కాదనుకుంటా. ఇంకోటి, పిల్లలు ప్రాక్టీస్‌లో సుమారు 80 శాతం కరెక్టుగా చేయగలిగే స్థాయి ఉండాలంటాడు ఆయన. మీరిచ్చిన పది లెక్కల్లో క్లాసులో ఎక్కువమంది నాలుగే చేస్తే అది ప్రాక్టీస్ కాదు, పాఠం ఇంకా పూర్తి కాలేదని అర్థం. ఒక హెచ్చరిక, ఈ వ్యాసంలో చాలా భాగం టీచర్లని గమనించి రాసింది, కాబట్టి అందులోవన్నీ ప్రతి పీరియడ్‌లో చేసి తీరాలని టిక్కులు పెట్టుకునే లిస్టుగా వాడకండి, ఎవరైనా పై అధికారి అలా వాడితే మర్యాదగానే అడ్డుచెప్పండి.

చెయ్యెత్తే నలుగురి సంగతికొస్తే, మేరీ బడ్ రో అనే ఆవిడ 1970ల్లో క్లాసుల్లో మాటల్ని టేపు రికార్డు చేసి టైమ్ కొలిచింది. టీచర్ ప్రశ్న అడిగాక జవాబుకోసం ఆగేది సగటున ఒక్క సెకను. దాన్ని మూడు సెకన్లకి పెంచితే జవాబులు పొడుగయ్యాయి, అంతకుముందు నోరు విప్పని పిల్లలు మాట్లాడారు, "తెలీదు" అనడం తగ్గింది. అందరూ ఇంతవరకే గుర్తుపెట్టుకుంటారు కానీ ఆవిడ రెండో ఆగడం గురించి కూడా చెప్పింది, పిల్లాడు జవాబు చెప్పాక మనం వెంటనే "గుడ్" అనో "కాదు" అనో అనేయకుండా ఆగడం. అక్కడ మూడు సెకన్లు ఆగి చూడండి, పిల్లాడు తను చెప్పినదానికి తనే "ఎందుకంటే..." అని కలుపుతాడు, లేదా తప్పు తనే సరిచేసుకుంటాడు. ఆ మూడు సెకన్లు మొదట్లో భరించలేనంత పొడుగ్గా ఉంటాయి, మనసులో అంకెలు లెక్కపెట్టుకోండి. దీనికి తోడుగా జాన్ హోల్ట్ 1964లో రాసిన పుస్తకం, పిల్లలు ఎలా ఫెయిలవుతారో చెప్పేది, వీలైతే చదవండి. అది రీసెర్చ్ పేపర్ కాదు, క్లాసులో రోజూ రాసుకున్న నోట్స్. పిల్లలు ప్రశ్న గురించి కాకుండా టీచర్ మొహం చూసి జవాబు ఎలా పట్టుకుంటారో ఆయన దగ్గరగా గమనించి రాశాడు. అది చదివాక తర్వాతి రోజు క్లాసులో పిల్లల కళ్లు ఎటు చూస్తున్నాయో మీరు గమనించకుండా ఉండలేరు.

నోట్‌బుక్కుల దిద్దుబాటు మీద క్లుప్తంగా చెప్తా. రూత్ బట్లర్ 1988 పేపర్‌లో కొందరు పిల్లలకి మార్కు మాత్రమే, కొందరికి కామెంట్ మాత్రమే, కొందరికి రెండూ ఇచ్చారు. కామెంట్ మాత్రమే అందుకున్నవాళ్లు మెరుగయ్యారు, రెండూ అందుకున్నవాళ్లు మార్కు మాత్రమే వచ్చినవాళ్లలాగే ఉండిపోయారు, మార్కు చూశాక ఇంక కామెంట్ ఎవరు పట్టించుకుంటారు. క్లూగర్, డినైసీ అనే ఇద్దరు పరిశోధకులు 1996లో ఫీడ్‌బ్యాక్ మీద వచ్చిన చాలా అధ్యయనాలు కలిపి చూస్తే మూడో వంతుకి పైగా సందర్భాల్లో ఫీడ్‌బ్యాక్ వల్ల పనితీరు తగ్గింది. రాత్రి పదకొండింటిదాకా నోట్‌బుక్కులు దిద్దే టీచర్లు ఈ రెండూ తప్పకుండా తెలుసుకోవాలి, వాళ్ల శ్రమ వృథా కాకూడదని నా బాధ. దీని మీద ఒక్కటే చదవాలంటే పాల్ బ్లాక్, డిలన్ విలియం 1998లో రాసిన ఇన్‌సైడ్ ద బ్లాక్ బాక్స్ అనే చిన్న పుస్తకం, ఇరవై పేజీలకి అటూ ఇటూ ఉంటుంది.

ఇప్పుడు అసలు విషయానికొస్తా. టీచర్లు అందరికన్నా తక్కువ చదివేది, అందరికన్నా ఎక్కువ లాభం ఉండేది తమ సబ్జెక్టులో పిల్లలు ఎలా ఆలోచిస్తారు అనేదాని మీద. లీ షుల్మన్ అనే విద్యా పరిశోధకుడు 1986లోనే దీన్ని స్పష్టంగా చెప్పాడు, సబ్జెక్ట్ తెలియడం ఒకటి, బోధన తెలియడం ఒకటి, ఈ సబ్జెక్టుని పిల్లలకి ఎలా అందించాలో, ఎక్కడ తడబడతారో తెలియడం ఇంకో రకం జ్ఞానం, టీచర్ల ప్రత్యేకత అక్కడే ఉంది అని.

దశాంశాలే చూడండి. బోర్డు మీద 0.4, 0.35, 0.125 రాసి ఏది పెద్దది అని అడగండి. కొందరు 0.125 అంటారు, 4 కంటే 35, 35 కంటే 125 పెద్దవి కాబట్టి. వీళ్ల సంగతి అందరు టీచర్లకీ తెలుసు. 0.4 అన్నవాళ్లందరికీ వచ్చినట్టేనా? కాదు. ఆస్ట్రేలియాలో కే స్టేసీ, విక్కీ స్టీన్లీ అనే పరిశోధకులు వేలమంది పిల్లల జవాబులు పరిశీలించారు, అక్కడ ఇంకో రకం పిల్లలు కూడా స్పష్టంగా కనిపించారు, అంకెలు ఎన్ని తక్కువుంటే సంఖ్య అంత పెద్దది అనుకునేవాళ్లు. పదో వంతు కంటే వెయ్యో వంతు చిన్నది కదా, కాబట్టి మూడు అంకెలున్నది చిన్నదే అయ్యుంటుంది అనేది వాళ్ల లాజిక్. ఈ పిల్లాడు పై ప్రశ్నకి 0.4 అని కరెక్టుగా చెప్తాడు, మీరు రైట్ కొట్టేస్తారు. వాడినే 0.3, 0.42 ఇచ్చి అడగండి, 0.3 అంటాడు. అదే మొదటి రకం పిల్లాడు ఈ రెండో ప్రశ్నకి 0.42 అని కరెక్టుగా చెప్తాడు, 42 పెద్దది కాబట్టి. అంటే ఒక్క ప్రశ్న అడిగితే ఎవరో ఒకరు తప్పించుకుంటారు, రెండూ కలిపి అడిగితేనే ఎవరు ఎలా ఆలోచిస్తున్నారో బయటపడుతుంది. మొదటి రకానికి చెప్పాల్సింది, రెండో రకానికి చెప్పాల్సింది కూడా వేరు. మొదటివాడి దగ్గర 0.35ని "పాయింట్ ముప్పై ఐదు" అని చదివితే వాడి పొరపాటుని మనమే బలపరుస్తాం, "పాయింట్ మూడు ఐదు" అని చదివించి, ఆ మూడు పదో వంతులని నంబర్ లైన్ మీద చూపించాలి. రెండోవాడికి 0.42 అంటే నాలుగు పదో వంతులు, ఇంకో రెండు వందో వంతులు, కాబట్టి నాలుగు పదో వంతులు దాటేసింది, 0.3కి మూడే ఉన్నాయి అని విడగొట్టి చూపించాలి.

ఎన్నేళ్ల అనుభవమున్నా ఇది దానంతటదే పట్టుబడుతుందని నేననుకోను. రైట్ కొట్టిన జవాబు వెనక ఎవరూ చూడరు కదా. చదివినవాళ్లకి మాత్రం ఐదు నిమిషాల్లో వస్తుంది, మర్నాడే క్లాసులో అడగొచ్చు.

లెక్కల టీచర్లకి లిపింగ్ మా 1999లో రాసిన పుస్తకం కూడా చెప్తాను, చైనా, అమెరికా ప్రైమరీ టీచర్లు అవే నాలుగు అంశాల్ని ఎలా అర్థం చేసుకున్నారో పోల్చింది. అందులో ఒక ప్రశ్న, ఒకటీ ముప్పావుని అరతో భాగించే సందర్భం ఒకటి కథగా చెప్పండి అని. ఇక్కడే ఆగి మీరూ ప్రయత్నించండి. చాలామంది ఒకటీ ముప్పావుని ఇద్దరికి పంచే కథ చెప్తారు, అది రెండుతో భాగించడం. ఒకటీ ముప్పావు మీటర్ల రిబ్బన్‌లో అర మీటరు ముక్కలు ఎన్నొస్తాయి అంటేనే మూడున్నర అనే జవాబుకి అర్థం వస్తుంది. సైన్స్ వాళ్లకి రోజలిండ్ డ్రైవర్, ఆమె సహచరులు 1985లో తెచ్చిన పుస్తకం ఉంది, కాంతి, వేడి, బలం లాంటి వాటి గురించి పిల్లలు పాఠం వినకముందే ఏమేం అనుకుంటారో. భాష, సోషల్ చెప్పేవాళ్లు రెక్ట్, లెస్లీల 1988 ప్రయోగం చూడండి: బేస్‌బాల్ గురించిన పాఠం ఇస్తే, చదవడంలో వెనకబడినా ఆట తెలిసిన పిల్లలు, బాగా చదివే కానీ ఆట తెలియని పిల్లల కంటే మెరుగ్గా అర్థం చేసుకున్నారు. "మా పిల్లలకి చదవడం రాదు" అనే ముందు ఆ పాఠంలోని విషయం వాళ్లకి ముందే ఎంత తెలుసో చూసుకోవాలి.

చదవకూడనివి అనను గానీ, నమ్మేముందు ఆగాల్సినవి కొన్ని. కొంతమంది చూసి, కొంతమంది విని, కొంతమంది చేసి నేర్చుకుంటారు, వాళ్ల స్టైల్‌కి తగ్గట్టు చెప్పాలి అనే మాట ట్రైనింగుల్లో ఇప్పటికీ తిరుగుతోంది. పాష్లర్ అనే సైకాలజిస్టు బృందం 2008లో దీన్ని జల్లెడ పట్టి, అలా విడగొట్టి చెప్తే ఎక్కువ నేర్చుకుంటారని చూపించే సరైన ఆధారం లేదని తేల్చింది. అలాగే చదివితే 10 శాతం, వింటే 20 శాతం గుర్తుంటుంది అనే పిరమిడ్ బొమ్మ కూడా తిరుగుతోంది. దానికి మూలమని చెప్పేది ఎడ్గర్ డేల్ అనే విద్యావేత్త 1946లో గీసిన కోన్ (శంకువు) బొమ్మ, అందులో అసలు శాతాలే లేవు, తర్వాత ఎవరో తగిలించారు. అంత గుండ్రటి అంకెలు ఎక్కడ కనిపించినా ఎవరిని కొలిచారు, ఎలా కొలిచారు అని అడగండి. ఏ ఆర్టికల్ చదివినా నేను చూసేవి మూడే: టీచర్ నిజంగా ఏం చేశాడో నేను మళ్లీ చేయగలిగేంత వివరంగా ఉందా, పోల్చడానికి ఇంకో గ్రూపు ఉందా, టెస్ట్ వెంటనే పెట్టారా కొన్నాళ్ల తర్వాతా. ఎన్నో అధ్యయనాల అంకెలు పోగేసి, సగటు తీసి పద్ధతులకి ర్యాంకులిచ్చే లిస్టులు కూడా దారి చూపడానికి పనికొస్తాయి గానీ మీ క్లాసులో అంతే లాభం వస్తుందని కాదు.

టైమ్ గురించి. వారానికి అరగంట చాలు, నిజంగానే. ఇంగ్లండ్‌లోని ఎడ్యుకేషన్ ఎండోమెంట్ ఫౌండేషన్ గైడెన్స్ రిపోర్టులు, అమెరికాలో వాట్ వర్క్స్ క్లియరింగ్‌హౌస్ ప్రాక్టీస్ గైడ్లు, రెండూ టీచర్లకోసమే రాసినవి, ఫ్రీ. వాటిల్లో మీ ప్రశ్నకి సంబంధించిన ఒక్క సిఫారసు మాత్రం చదవండి. చదివాక కాగితం మీద మూడు ముక్కలు రాయండి, ఏం మారుస్తాను, ఏ క్లాసులో, అది పనిచేస్తోందని దేన్ని చూసి తెలుసుకుంటాను. ఈ మూడోది లేకపోతే మిగతా రెండూ గాలికి పోతాయి. "పిల్లలు ఉత్సాహంగా ఉన్నారు" అనేది సరిపోదు, పోయిన నెల ప్రశ్నకి ఎంతమంది జవాబు రాశారు, చెయ్యెత్తని పిల్లల్లో ఈ వారం ఎవరు మాట్లాడారు అనేవి చూడొచ్చు. ఒకసారికి ఒక్కటే మార్చండి, కనీసం మూడు నాలుగు వారాలు పట్టుకుని ఉండండి, ఎందుకంటే మొదటి వారం ప్రతిదీ ఇబ్బందిగానే ఉంటుంది, మీకూ పిల్లలకీ అలవాటు తప్పుతుంది కాబట్టి.

వీలైతే ఒంటరిగా చదవకండి. స్టాఫ్ రూమ్ మొత్తాన్ని కదిలించాల్సిన పనిలేదు, మీ సబ్జెక్టో మీ క్లాసో పంచుకునే ఇంకో ఇద్దరు చాలు. జపాన్ టీచర్లు చేసే లెసన్ స్టడీ గురించి వినే ఉంటారు, కలిసి ఒక పాఠం ప్లాన్ చేస్తారు, ఒకరు చెప్తారు, మిగతావాళ్లు వెనక నిలబడి పిల్లల్ని గమనిస్తారు, చెప్పే టీచర్‌ని కాదు. ఏ పిల్లాడు ఎక్కడ ఆగిపోయాడు, పక్కవాడితో ఏమన్నాడు, కొట్టేసి మళ్లీ ఏం రాశాడు అని. దాని చిన్న రూపం మీరూ చేయొచ్చు, ముగ్గురూ అదే నాలుగు పేజీలు చదివి, ఒకరి పీరియడ్‌లో ఇంకొకరు పదిహేను నిమిషాలు కూర్చోవడం. మేనేజ్‌మెంట్ దీన్ని తనిఖీగా మార్చాలని చూస్తే ఒప్పుకోవద్దు, ఆ రోజు నుంచి అందరూ బాగా వచ్చే పాఠమే చూపిస్తారు, నేర్చుకోవడం ఆగిపోతుంది.

ఇంగ్లిష్‌లో చదవడం భారంగా ఉంటుందన్నారు. పేపర్లలో స్టాటిస్టిక్స్ భాగం వదిలేయండి, మొదటి పేజీ సారాంశం, ప్రయోగం ఎలా చేశారో చెప్పే భాగం, చివరి చర్చ ఇవి చాలు. ట్రాన్స్‌లేషన్ యాప్‌లో పెట్టుకుని చదివినా తప్పులేదు, అంకెలూ పేర్లూ మాత్రం అసలుదానితో సరిచూసుకోండి. రోజెన్‌షైన్ భాష చాలా తేలిక, బ్లాక్, విలియం అంతకంటే కాస్త బరువు. మీరు చెప్పిన ఇబ్బంది "వారం తిరిగేసరికి మర్చిపోతున్నారు" అనేదానికి దగ్గరగా ఉంది కాబట్టి రోజెన్‌షైన్‌లో పాత పాఠం రివిజన్ గురించిన రెండు పేజీలతో మొదలుపెట్టి, సోమవారం నుంచి ఒక్క సెక్షన్‌లో ఆ నాలుగు ప్రశ్నలు పెట్టి చూడండి, రెండో సెక్షన్‌ని మామూలుగానే నడపండి, నెల తర్వాత రెండింటికీ ఒకే ప్రశ్నలిచ్చి చూస్తే పుస్తకం మాట కాకుండా మీ పిల్లల జవాబులే మీ చేతిలో ఉంటాయి. తేడా కనిపిస్తే రెండో సెక్షన్‌లోనూ మొదలుపెట్టేయండి.